కత్తికి అవతలి వైపు

మా ఇంట్లో దెయ్యాల శాఖ పద్మజది. దిష్టి తీయడం, గుమ్మానికి నిమ్మకాయ కట్టడం, అమావాస్య నాడు కొత్త పని మొదలుపెట్టనివ్వకపోవడం, అన్నీ ఆమె చూసుకునేది. నేను ఇనుము మనిషిని. కార్లలో గేర్లు, షాఫ్టులు ఎందుకు విరుగుతాయో కనిపెట్టడం నా ఉద్యోగం. విరిగిన ముక్కను కోసి, నునుపు చేసి, మైక్రోస్కోపు కింద పెడితే కారణం కనబడుతుంది. కనబడలేదంటే మనం సరిగ్గా చూడలేదని అర్థం. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నా నమ్మకం ఇదే.

కాబట్టి ఇది చదివి నన్ను భక్తుల్లోనో పిచ్చివాళ్ళలోనో కలిపేయబోయే వాళ్ళు కాస్త ఆగండి. నాకు దెయ్యాల మీద అప్పుడు నమ్మకం లేదు. ఇప్పుడు ఉందని కూడా చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది ప్రొద్దుటూరు. కోవెంట్రీలో ఇల్లు కొనుక్కుని స్థిరపడి చాలా కాలమైంది. పద్మజ క్యాన్సర్‌తో పోయి మూడేళ్ళు దాటింది. మా అమ్మాయి మేఘన కార్డిఫ్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆదివారం ఉదయం ఫోన్ చేస్తుంది. నేను తెలుగులో అడుగుతాను, తను ఇంగ్లిషులో జవాబిస్తుంది. "డాడ్, ఆర్ యూ ఈటింగ్ ప్రాపర్లీ?" అని ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. తింటున్నానంటాను. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు దొరకవు.

పద్మజ ఉన్నప్పుడు మాటలు వెతుక్కోవాల్సిన అవసరం ఉండేది కాదు. ఆమె మాట్లాడేది, నేను ఊ కొట్టేవాణ్ణి. నేను డైనింగ్ టేబుల్ దగ్గర ఏదో చదువుకుంటుంటే ఎదురు కుర్చీలో కూర్చుని, గుళ్ళో ఎవరు కనిపించారో, పక్కింటావిడ కౌన్సిల్ వాళ్ళతో చెత్త బిన్నుల గురించి ఎలా పోట్లాడిందో చెప్పుకుపోయేది. మధ్యలో అనుమానం వచ్చేది. "వింటాండావా, నేను గోడకు చెప్తాండానా?" అని ఒక గదమాయింపు. వింటున్నానని తల ఊపగానే మళ్ళీ మొదలు.

ఆమె పోయాక ఇల్లు ఎంత నిశ్శబ్దమైందంటే, శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చినవాణ్ణి సోమవారం దాకా నోరు విప్పే పనే ఉండేది కాదు. సూపర్‌మార్కెట్‌లో కూడా మెషీనే బిల్లు వేస్తుంది. ఒక సోమవారం మీటింగ్‌లో మాట్లాడబోతే గొంతు పెగల్లేదు. జలుబు చేసిందని అబద్ధం చెప్పాను.

కత్తి మీదికి మనసు పోవడానికి కారణం వాన. ఒక శనివారం ఇంట్లో ఉండలేక బయటికి వెళ్ళి, వాన పెద్దదైతే మ్యూజియంలో దూరాను. అక్కడ అద్దాల పెట్టెలో ఒక పాత జపాన్ కత్తి ఉంది. ఒరలోంచి తీసి, వట్టి ఉక్కు మాత్రం కనబడేలా పెట్టారు. అంచు పొడవునా తెల్లగా, మంచు పట్టినట్టు ఒక గీత. ఆ గీతకు ఇవతల ఉక్కు గట్టిది, అవతల మెత్తనిది. అంచు కోయాలి, వెన్ను విరగకూడదు. మేము ఇప్పుడు కంప్యూటర్లు పెట్టి కొలిమి వేడిని అదుపు చేసి సాధించేదాన్ని, ఎవరో కొన్ని వందల ఏళ్ళ కింద మట్టి పూసి, నిప్పు రంగు చూసి, నీళ్ళలో ముంచి సాధించారు. మ్యూజియం మూసే వేళైందని గార్డు వచ్చి చెప్పేదాకా నేను కదల్లేదు. పద్మజ పోయాక అంతసేపు దేన్నయినా చూడటం అదే మొదటిసారి.

తర్వాత పుస్తకాలు తెప్పించుకున్నాను. లీసెస్టర్‌లో ఒక చర్చి హాల్లో ఈ కత్తులు సేకరించేవాళ్ళు నెలకోసారి కలుస్తారని తెలిసి వెళ్ళడం మొదలుపెట్టాను. చాలామంది రిటైరైన తెల్లవాళ్ళు. బల్ల మీద పచ్చ గుడ్డ, దాని మీద కత్తులు, పక్క గదిలో టీ, బిస్కెట్లు. ఎలా ఉన్నావు, ఎలా గడుస్తోంది అని జాలిగా అడిగేవాళ్ళు ఎవరూ లేరు. నాకు అదే నచ్చింది.

అక్కడే జెఫ్ పరిచయమయ్యాడు. స్కూల్లో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యాడు. పొడుగ్గా, కాస్త వంగి ఉంటాడు. మొదటి కత్తి కొనేవాళ్ళు చేసే తప్పులన్నీ తాను స్వయంగా చేశానని, అందుకే బాగా గుర్తున్నాయని అనేవాడు. అందరూ మొదట సంతకం చూస్తారట. పిడి లోపల దాగే భాగం మీద చేసినవాడి పేరు చెక్కి ఉంటుంది. పేరు పెద్దదైతే మతి పోతుంది. పేరు ఎవరైనా చెక్కగలరు, ఉక్కునే చూడమనేవాడు.

నేనూ పేరు మోజులోనే పడ్డాను. ఒక వేలంలో పొడుగాటి కత్తి, గొప్ప సంతకం, నల్లటి లక్క ఒర, పిడికి పట్టు తాడు. ముందురోజు చూసుకోనిస్తారు కదా అని జెఫ్‌ను తోడు తీసుకెళ్ళాను. అతను నోరు మెదపకుండా పక్కన నిలబడ్డాడు. కత్తిని దీపానికి వాల్చి చూస్తుంటే మొన దగ్గర నాకే కనబడింది. ఆ తెల్లని గీత మొన దాకా వెళ్ళకుండా అంచులోంచి జారిపోయింది. ఎప్పుడో మొన విరిగితే, మిగిలినదాన్ని అరగదీసి కొత్త మొన చేశారు. అక్కడ పదును లేదు. అంత అందమూ వట్టిదే. కత్తిని కింద పెట్టేశాను. జెఫ్ నా భుజం తట్టి, ఇప్పుడు నువ్వు కొనడానికి తయారయ్యావు అన్నాడు.

మా ఆఫీసులో శ్రీధర్ అని మా ప్రొద్దుటూరు కుర్రాడే ఉన్నాడు. ఈ వేలం సంగతి విని రెండు వారాలు నవ్వాడు. "ఏం రాఘవన్నా, కత్తి కొంటావంట? ఎవర్ని నరకల్లని? కడప జిల్లా వోళ్ళు ఈడికొచ్చినా కత్తులు ఇడ్సలేదని పేపర్లో ఏస్తారు సూడు!" అని భోజనాల వేళ అందరి ముందూ ఆటపట్టించేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. మా అన్నదమ్ముల్లో కోడిని కొయ్యడానికి కూడా భయపడేది నేనొక్కణ్ణే.

ఆ వసంతంలో జెఫ్ తన ఇంటికి రమ్మన్నాడు. ఉన్న ఇల్లు అమ్మి చిన్న ఫ్లాట్‌లోకి మారుతున్నాడు, కొన్ని కత్తులు వదిలించుకోవాలి. కిటికీ పక్కన బల్ల మీద మూడు పెట్టాడు. బల్లకు ఇటొక కుర్చీ, అటొక కుర్చీ. అటువైపు కుర్చీలో పూల దిండు ఉంది. నేను దాంట్లో కూర్చోబోతే, కాదని వంటగదిలోంచి స్టూలు తెచ్చి వేశాడు.

కత్తి చూడటానికి ఒక పద్ధతి ఉంది. ముందు తల వంచి నమస్కరించాలి. అంచు పైకి ఉండేలా ఒరలోంచి తీయాలి. ఉక్కును చేత్తో తాకకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, కత్తి బయట ఉన్నంతసేపు మాట్లాడకూడదు. నోటి తుంపర కంటికి కనబడనంత పడినా చాలు, అక్కడ తుప్పు మొదలవుతుంది. ఇదేదో మూఢాచారం కాదు, మా లాబ్‌లో చెప్పేదీ అదే. అందుకని నాకు ఆ నియమం మీద గౌరవం కలిగింది.

మధ్యాహ్నమంతా ఇద్దరం పెదవి విప్పలేదు. రెండు కత్తులకు సంతకాలున్నాయి, మంచివే. మూడోది పొట్టిది, నా మోచేయి నుంచి వేళ్ళ కొస దాకా ఉంటుందేమో. ఎప్పుడో దాన్ని కురచ చేయడంతో చేసినవాడి పేరు ఉన్న ముక్క పోయింది. ఒర కూడా పాలిపోయిన చెక్క, ఏ అలంకారమూ లేదు. కానీ తీసి వెలుతురుకు పెడితే, పాల గిన్నె అంచున మీగడ కట్టినట్టు ఆ గీత మొదలు నుంచి మొన దాకా తెగకుండా నడిచింది. నేను మళ్ళీ మళ్ళీ దాని దగ్గరికే వచ్చాను. ఒరలో పెట్టాక, ఇదే అన్నాను.

జెఫ్ దాన్ని చేతిలోకి తీసుకుని ఒరను బొటనవేలితో ఒకసారి నిమిరాడు. తర్వాత, మిగతా రెండింట్లో ఒకటి తీసుకుంటావనుకున్నాను అన్నాడు. ఉంచుకోవాలని ఉంటే ఉంచుకోమన్నాను. వద్దు, బల్ల మీద పెట్టింది నేనే, నువ్వు సరైనదే ఎంచుకున్నావు అన్నాడు. గుమ్మం దాకా వచ్చి, ఇంట్లో ఒక్కడివే ఉంటావా అని అడిగాడు. అవునన్నాను. "అయితే ఆదివారం మధ్యాహ్నాలు తీసి చూస్తూ ఉండు. వెలుతురు బాగుంటుంది" అన్నాడు. నేను దాన్ని మామూలు సలహా అనుకున్నాను.

ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ దగ్గరే చోటు చేశాను. ప్రతి ఆదివారం భోజనం చేశాక పాత నూనె తుడిచి, కాసేపు చూసుకుని, కొత్త నూనె రాసి ఒరలో పెట్టడం అలవాటైంది. ఆ నూనెలో లవంగ తైలం కలుపుతారు. పద్మజ పలావు చేసిన రోజు వచ్చే వాసన. మొదటిసారి సీసా మూత తీసినప్పుడు వంటింటి వైపు చూశాను. నా చూపు నాకే నచ్చలేదు. ఏం చేస్తాం, అలవాటు.

మొదటి వారాలు ప్రశాంతంగా గడిచాయి. మాట్లాడకుండా ఉండటం అప్పటిదాకా నాకు శిక్ష. ఇప్పుడు అది నియమమైంది. ఇద్దరున్నా మాట్లాడకూడదు కాబట్టి ఒక్కణ్ణే ఉన్నానన్న బాధ ఆ కాసేపు ఉండేది కాదు.

ఎండాకాలం వచ్చాక ఒక ఆదివారం, కత్తిని నిలువుగా పట్టుకుని చూస్తూ రెండో వైపుకు తిప్పాను. పిడికి జానెడు పైన ఉక్కు మసకగా ఉంది. చూస్తుండగానే అంచుల నుంచి కుంచించుకుపోయి మాయమైంది. అద్దం మీద నోటితో ఆవిరి ఊదితే ఎలా పోతుందో అలా. నా ఊపిరే తగిలి ఉంటుందనుకున్నాను. కానీ అది నాకు అవతలి వైపు. నేను తిప్పేవరకు ఎదురు కుర్చీ వైపు ఉన్న ముఖం అది.

మరుసటి వారమూ అంతే. ఆ పై వారమూ అంతే.

ఇక నాలోని ఇంజనీరు ఊరుకోలేదు. గదిలో తేమ కొలిచే పరికరం పెట్టాను. కిటికీలు మూసి సందులకు టేపు వేశాను. బాయిలర్ ఆపాను, కెటిల్ పెట్టలేదు. ఇంట్లో మిగిలిన మాస్కులు ఒకదాని మీద ఒకటి వేసుకున్నాను. లాబ్ నుంచి అద్దంలా మెరుగు పెట్టిన ఉక్కు ముక్క తెచ్చి కత్తి పక్కనే నిలబెట్టాను. గాలిలో తేమే కారణమైతే దాని మీద కూడా మసక రావాలి. దాని మీద రాలేదు. కత్తి మీద, అదే చోట, అవతలి వైపు మాత్రమే వచ్చింది.

వచ్చేటప్పుడే చూడాలని పద్మజ అలంకరణ అద్దం తెచ్చి ఎదురు కుర్చీ ముందు కొంచెం పక్కకు పెట్టాను. అందులో కత్తి అవతలి ముఖం, దాని వెనక నేను, అంతే. వేరే ఎవరూ లేరు. కాసేపటికి ఉక్కు మీద మసక కమ్మింది. పోయింది. వెంటనే మళ్ళీ కమ్మింది. చిన్నదొకటి, వెంటనే పెద్దదొకటి, కాస్త ఆగి మళ్ళీ గబగబా మూడు నాలుగు. నిద్రపోయే మనిషి ఊపిరి ఒకే తూకంలో ఉంటుంది. ఇది అలా లేదు. ఇది మాట్లాడుతున్న మనిషి ఊపిరి.

చప్పుడు మాత్రం లేదు. చెవులు రిక్కించి విన్నాను. వీధిలో ఎవరో లాన్ కోస్తున్న మోత తప్ప ఏమీ వినబడలేదు.

ఫోన్‌లో వీడియో తీసి శ్రీధర్‌కు చూపించాను. "యాడన్నా? నాకేం అవుపడ్లేదు. ఎండ మారతాంది, అంతే" అన్నాడు. తర్వాత నవ్వడం మానేసి, "ఒగసారి జీపీ దగ్గరికి పోయి రాన్నా. ఒంటరిగా ఉంటే ఇట్లాంటివి అయితాంటాయి" అన్నాడు. జీపీ, అంటే మా పేట డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు కానీ కళ్ళు చూపించుకున్నాను. కళ్ళు బాగున్నాయన్నారు.

భయం వేయలేదా అని మీరు అడుగుతారు. వేయలేదు. సంతోషం వేసింది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే. ఆ కుర్చీ ఎవరిది? నేను తల వంచుకుని ఏదో చూస్తుంటే ఎదురుగా కూర్చుని ఆపకుండా మాట్లాడేది ఎవరు? ఆదివారం కోసం గురువారం నుంచే ఎదురుచూసేవాణ్ణి. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవాణ్ణి. మేఘన ఫోన్‌లో, "యూ సౌండ్ హ్యాపీ, డాడ్" అంది. తనకు చెప్పలేదు.

దసరా వచ్చింది. మా వైపు ఆయుధ పూజ గట్టిగా చేస్తారు. పద్మజ ఇక్కడ కూడా ఏ సంవత్సరమూ వదల్లేదు. కారుకు, నా లాప్‌టాప్‌కు, కుక్కరుకు, చివరికి లాన్ కోసే మెషీనుకు కూడా పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేది. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూసేవారు. ఆమె పోయాక ఇంట్లో ఆ పూజ లేదు. ఈసారి ఆమె ఎదురుగా కూర్చుంటుంటే ఎలా మానను? అందులోనూ ఇంట్లో మొదటిసారి నిజంగా ఆయుధమంటూ ఒకటి ఉన్నప్పుడు?

స్నానం చేసి, పసుపు నీళ్ళతో కలిపి, కత్తికి బొట్టు పెట్టాను. ఎక్కడ పెట్టాలో ఆలోచించలేదు. ఆమె ఊపిరి తగిలే చోటే పెట్టాను. పసుపు మీద కుంకుమ అద్ది, ఒక పువ్వు పెట్టి, హారతి ఇచ్చాను. పూజలో పెట్టిన ఆయుధాన్ని మర్నాటి దాకా కదపకూడదు. కదపలేదు.

ఉక్కుకు తుప్పు ఎలా పడుతుందో కుర్రాళ్ళకు పాఠం చెప్పి జీతం తీసుకునేవాణ్ణి నేను. నూనె తుడిచిన వట్టి ఉక్కు మీద తడి పసుపు పెట్టి రాత్రంతా వదిలేశాను. ప్రొద్దుటూరు వాడు తప్ప ఈ లోకంలో జపాన్ కత్తిని ఇలా పాడుచేసే మనిషి ఇంకొకడు ఉండడు.

మర్నాడు తుడిస్తే బొట్టు పోయింది, మచ్చ పోలేదు. ఎర్రమట్టి రంగులో, బొటనవేలి గోరంత. ఉక్కును తినడం మొదలుపెట్టింది. వందల ఏళ్ళు ఎన్ని చేతులు మారిందో ఆ కత్తి, ఎవరూ చేయని పని నేను చేశాను. అంతకన్నా పెద్ద దెబ్బ ఆ ఆదివారం తగిలింది. అద్దంలో ఎంతసేపు చూసినా మసక రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. ఆమెను పిలవబోయి తరిమేశానేమోనని కుమిలిపోయాను. ఆస్పత్రిలో కూడా అంత ఏడవలేదు.

ఇక తట్టుకోలేక కత్తి తీసుకుని జెఫ్ కొత్త ఫ్లాట్‌కు వెళ్ళాను. మచ్చ చూసి అతని మొహం బిగుసుకుంది. ఏం పూశావన్నాడు. చెప్పాను. ఎందుకు పూశావన్నాడు. మా ఆచారమన్నాను. సరిగ్గా అక్కడే ఎందుకన్నాడు. అప్పుడు మొత్తం చెప్పేశాను. అద్దం, మసక, ఎదురు కుర్చీ, పద్మజ, అన్నీ.

జెఫ్ లేచి వంటింట్లోకి వెళ్ళాడు. కెటిల్ మరిగి ఆగిపోయింది. అయినా రాలేదు. వెళ్ళి చూస్తే సింకు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

తర్వాత అతను చెప్పిన సంగతి ఇది. అతని భార్య ఐలీన్ కూడా పోయి కొన్నేళ్ళయింది. ఆ పూల దిండు ఆమెదే. ఆదివారం మధ్యాహ్నం అతను ఈ పొట్టి కత్తి తీసి కూర్చుంటే, ఆమె టీ కప్పుతో వచ్చి ఎదురుగా కూర్చునేది. కత్తికి దూరంగా ముఖం పెట్టమంటే వినేది కాదు. కత్తి బయట ఉంటే అతను మాట్లాడడని ఆమెకు తెలుసు. అందుకే వారమంతా దాచుకున్నవన్నీ అప్పుడే చెప్పేది. తిట్లు, కబుర్లు, చుట్టాల సంగతులు. "జవాబు చెప్పే వీల్లేకుండా చేసి నన్ను తిట్టేది" అన్నాడు. నవ్వబోయి నవ్వలేకపోయాడు.

ఆమె పోయాక ప్రతి ఆదివారం అదే కత్తి తీసి అదే కుర్చీ ఎదురుగా కూర్చున్నాడు. "నాకు ఏమీ రాలేదు. ఒక్కసారి కూడా. ఖాళీ కుర్చీ చూడలేక అమ్మేశాను" అన్నాడు.

ఇద్దరం టీ తాగలేదు. చివరికి జెఫ్, కత్తి తిరిగి ఇచ్చేయమన్నాడు. అడిగేటప్పుడు నా వైపు చూడలేదు. న్యాయంగా ఇచ్చేయాలి. నా నోట్లోంచి మాత్రం సరే అన్న మాట రాలేదు. అది ఐలీన్ అయితే అతనిది. పద్మజ అయితే? ఏం చెప్పి ఇచ్చేయను? ముందు ఒకసారి మా ఇంటికి వచ్చి చూడమన్నాను.

ఆ ఆదివారం వచ్చాడు. ఇప్పుడు కారు నడపడు కాబట్టి రైల్లో, మధ్యలో నన్నీటన్ స్టేషన్‌లో ఇంకో రైలు మారి వచ్చాడు. ఇద్దరం ఒకే వైపు పక్కపక్కన కూర్చున్నాం. ఎదురుగా పద్మజ కుర్చీ, పక్కన ఆమె అద్దం. నమస్కరించి కత్తి తీశాను. చాలాసేపు ఏమీ లేదు. నా చెయ్యి నొప్పెట్టి, ఇక పెట్టేద్దామనుకుంటుండగా జెఫ్ నా మోచేయి పట్టుకున్నాడు.

మచ్చ పక్కన ఉక్కు మసకబారింది. పోయింది. మళ్ళీ వచ్చింది. మేమిద్దరం చూశాం. నేనొక్కణ్ణే చూసింది కాదు, నా ఒంటరితనం చూపించింది కాదు. ఇద్దరం.

కత్తి ఒరలో పెట్టాక ఇద్దరమూ ఒకేసారి మాట్లాడాం. మధ్యలో ఆగి ఆగి వచ్చింది చూశావా, ఐలీన్ నవ్వొచ్చే సంగతి చెప్పేముందు అలాగే ఆగేది అన్నాడు జెఫ్. చివర్లో ఊపిరి తిప్పుకోకుండా గబగబా వచ్చింది చూశావా, పద్మజ తిట్టేటప్పుడు అంతే అన్నాను నేను. నా ఇంట్లో వచ్చింది కాబట్టి పద్మజ అనుకోవచ్చు. జెఫ్ రాగానే తిరిగి వచ్చింది కాబట్టి ఐలీన్ అనుకోవచ్చు. కత్తి ఐలీన్ ఎదుట ఉన్నది, కుర్చీ పద్మజ కూర్చున్నది.

జెఫ్ కాసేపు ఆలోచించి, తేల్చుకోవడానికి ఒక దారి ఉందన్నాడు. కత్తి బయట ఉండగా నియమం పక్కన పెట్టి, ఒక్కొక్కరం పేరు పెట్టి పిలుద్దాం. మాట్లాడేవాళ్ళు తమ పేరు వింటే ఆగుతారు కదా. ఏ పేరుకు మసక ఆగుతుందో చూద్దాం.

అంతకన్నా మంచి పరీక్ష నేను కూడా చెప్పలేను. తేమ కొలిచాను, మాస్కులు కట్టుకున్నాను, పక్కన ఉక్కు ముక్క నిలబెట్టాను. అవన్నీ చేసినవాణ్ణి దీనికి ఒప్పుకోవాలి. జెఫ్ మొహం చూశాను. ఇద్దరిలో ఒకరు ఆ సాయంత్రం ఖాళీ ఇంటికి వెళ్ళాలి, లేదా ఖాళీ ఇంట్లో మిగలాలి. అది నేనే అవుతానేమోనన్న భయం నాకు ఉంది. అతనవుతాడేమోనన్న భయం కూడా అంతే ఉందని అప్పుడే తెలిసింది. వద్దన్నట్టు తల ఊపాను. జెఫ్ ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, నేనూ వద్దనే అనుకుంటున్నాను అన్నాడు.

అప్పటి నుంచి కత్తి మా ఇంట్లోనే ఉంది. ఆదివారం జెఫ్ రైల్లో వస్తాడు. నేను పులిహోర చేస్తాను, కారం తక్కువ వేసి. తిన్నాక కూర్చుంటాం. కొన్ని వారాలు వస్తుంది, కొన్ని వారాలు రాదు. మచ్చ పోవాలంటే కత్తిని పాలిష్ చేసే నిపుణుడికి పంపాలి. తిరిగి రావడానికి ఎన్ని నెలలు పడుతుందో తెలియదు. అన్ని ఆదివారాలు వదులుకోలేమని జెఫే అన్నాడు. చిన్న మరకను కూడా సహించని మనిషి, ఇప్పుడు ఆ బొట్టు మచ్చకు తనే నూనె రాస్తాడు, అది ఇంకా పాకకుండా.

కారణం ఏమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు. సరిగ్గా చూడలేదా అంటే, చూశాను. నా ఉద్యోగంలో ఇలాంటి రిపోర్టు రాస్తే వెనక్కి పంపేస్తారు.

మొన్న ఆదివారం జెఫ్ రాలేదు. దగ్గు ఎక్కువైంది, డాక్టర్ కదలొద్దన్నాడట. భోజనం చేసి టేబుల్ దగ్గర కూర్చున్నాను. కత్తి ఒరలో ఉంది. తీయాలని ఎంత అనిపించిందో చెప్పలేను. ఐలీన్ అయితే, అతను లేకుండా ఆమె మాటలు నేను చూడటం మర్యాద కాదు. పద్మజే అయితే ఒక వారం ఆగుతుంది, వచ్చే వారం తిడుతుంది.

సాయంత్రం జెఫ్ ఫోన్ చేశాడు. ఒంట్లో ఎలా ఉందో చెప్పలేదు. కత్తి తీశావా అన్నాడు.

తీయలేదన్నాను.

ఫోన్‌లో చాలాసేపు అతని ఊపిరి వినబడుతూ ఉంది, ఇద్దరిలో ఎవరమూ పెట్టేయలేదు.